సీమోను వేసిన అడుగు

సిటీ బస్సు కండక్టరు సీమోను నా దగ్గరికి వచ్చేనాటికి గోడ పట్టుకోకుండా నాలుగడుగులు వేయలేకపోతున్నాడు. అది డెబ్బై ఆరో సంవత్సరం. పాతబస్తీలో ఒక చిన్న ఆసుపత్రిలో నేను ఫిజియోథెరపీ చేసేదాన్ని. పురానాపూల్ మలుపులో ఫుట్‌బోర్డు మీంచి పడి తలకు దెబ్బ తగిలించుకున్నాడాయన. గాయం మానింది కానీ తూలడం పోలేదు. రెండు నెలల్లో డిపో డాక్టరు పరీక్ష ఉంది. అందులో నిలబడగలిగితే మళ్లీ బస్సెక్కుతాడు, లేకపోతే ఇరవై ఏళ్ల ఉద్యోగానికి నీళ్లొదులుకోవడమే.

"ఫికర్ చెయ్యకుండ్రి అమ్మా, నేను గట్టోన్నే," అన్నాడు మొదటిరోజు.

పాదాలు కలిపి కళ్లు మూసుకోమన్నాను. మూడు లెక్కపెట్టేలోగా నా భుజం మీద పడ్డాడు. వేలితో ముక్కు ముట్టుకోమంటే వేలు చెంప మీదికి పోయింది. నేలమీద సుద్దగీత గీసి, అడుగుకు అడుగు ఆనించి నడవమంటే రెండో అడుగుకే గీత దాటాడు. గుమ్మంలో నిలబడిన ఆయన భార్య నీలమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

రోజూ మాదన్నపేట నుంచి ఇద్దరూ వచ్చేవారు. పరుపు మీద నిలబెట్టి బంతి విసిరేదాన్ని, గీత మీద నడిపించేదాన్ని. ఐదో వారానికి కళ్లు మూసుకుని నిమిషంసేపు కదలకుండా నిలబడ్డాడు. నేను పొంగిపోయి, డిపో డాక్టరుకు పంపే కాగితం మీద "తూలడం లేదు" అని రాసేశాను. నా తొందరకు నన్నే అనాలి. మర్నాడు మళ్లీ కళ్లు మూసుకోమని చూద్దును కదా, ఆయన తొడ నా బల్ల అంచుకు ఆని ఉంది. బల్ల పక్కకు లాగాను. పడబోయాడు.

"ఇన్నాళ్లూ నన్ను మోసం చేశావా?" అని కేకలేశాను.

ఆయన తెల్లబోయాడు. "మోసమేందమ్మా? బస్సుల గిట్లనే నిలబడ్త. ఒక చేతిల టికెట్లు, ఇంకో చేతిల చిల్లు కొట్టే పంచు. సీటుకు తొడ ఆనిచ్చుడే మాకు తెల్సు."

"తూలినప్పుడు అడుగెయ్యొచ్చుగా?"

"అడుగేస్తే ప్యాసింజర్ల కాళ్లు తొక్కమా? కాలు కదిపేటోడు కండక్టరే కాదమ్మా."

నా కోపం చప్పబడింది. ఇరవై ఏళ్లుగా కాలు కదపకూడదని నేర్చుకున్న మనిషి, ఇప్పుడు పడిపోతూ కూడా కదపడం లేదు. కాగితం మీద రాసింది కొట్టేశాను.

"నా పొట్ట మీద కొట్టినట్టే గదమ్మా," అన్నాడు చిన్నగా.

నాకూ మనసు చివుక్కుమంది. అయినా మళ్లీ రాయలేదు. నిండు బస్సులో చంటిబిడ్డ తల్లి మీద పడితే ఎవరు జవాబు చెప్పాలి?

ఆ రోజు నుంచి గది మధ్యకు తెచ్చి, చెప్పకుండా భుజం పట్టి నెట్టేదాన్ని. "అడుగెయ్యి, నా కాలు తొక్కినా సరే," అన్నాను. తొక్కాడు మహానుభావుడు. నా బొటనవేలి గోరు నల్లబడింది. "మాఫ్ చెయ్యుండ్రి" అని రోజుకు పదిసార్లు అనేవాడు.

పరీక్షకు నేనూ వెళ్లాను. డిపో డాక్టరు రాధాకృష్ణమూర్తిగారు ముభావంగా ఉండే మనిషి. సీమోనును ఖాళీ గది మధ్యలో నిలబెట్టి కళ్లు మూసుకోమన్నారు. కాసేపటికి సీమోను ఊగాడు. కుడికాలు చప్పున పక్కకు వేసి నిలదొక్కుకున్నాడు.

"తూలాడు కదా శారదాంబగారూ," అన్నారాయన నావైపు చూసి.

"తూలాడండీ. పడలేదు. కదిలే బస్సులో తూలనివాళ్లెవరు?" నా గొంతు నాకే పెద్దగా వినిపించింది.

ఆయన లేచి, వెనకగా వెళ్లి సీమోను భుజం మీద ఒక్క తోపు తోశారు. సీమోను ముందుకు అడుగేసి ఆగాడు. పక్కనుంచి మరొకటి. మళ్లీ అడుగేశాడు, మళ్లీ నిలబడ్డాడు. డాక్టరుగారు కుర్చీలో కూర్చుని, డ్యూటీకి పనికొస్తాడని రాసి, సంతకం పెట్టి, కాగితం నా చేతికిచ్చారు.

సీమోను ఇంకా గది మధ్యలోనే, కళ్లు మూసుకునే ఉన్నాడు.

"ఇగ కండ్లు తెరువాల్నా సారూ?" అని అడిగాడు.

నాకు ఏడుపొచ్చేసింది. దగ్గరికెళ్లి ఆ కాగితం ఆయన చేతిలో పెట్టాను.