జైతూన్‌బీ తుంటికీలు

ఇందుకూరుపేట బజారులో జైతూన్‌బీ కుట్టిన జాకెట్టుకు మళ్లీ సరిచేసే పని పడదు. వానకు తడిసిన మెట్టు మీద జారిపడి ఆమె తుంటి విరిగింది. నెల్లూరులో డాక్టర్ హరినాథ్ లోహపు కీలు అమర్చాడు. దాని మీద కంటికి ఆననంత సన్నటి సిరామిక్ పూత ఉందనీ, ఎముక ఆ పూతను పట్టుకుని పెరుగుతుందనీ చెప్పాడు. నేల మీద కూర్చోవద్దన్నాడు.

ఆమె తు.చ. తప్పకుండా పాటించింది. నమాజు కూడా కుర్చీలోనే చేసింది. నుదురు నేలకు ఆనించలేకపోతున్నానని రంజాన్ నెలంతా లోలోపల కుమిలిపోయింది.

ఏడాది తిరిగేసరికి తొడలో నొప్పి మొదలై, అడుగు తీసి అడుగు వేయలేకపోయింది. హరినాథ్ ఎక్స్‌రే చూశాడు.

"కీలు వదులైంది. నేల మీద నమాజు చేసుంటావు. మీవాళ్లు చెబితే వినరు."

"కుర్చీలోనే చేసినాను సార్."

ఆయన అప్పటికే తర్వాతి రోగిని పిలిచాడు. తెరిచిన తలుపు అవతల కూర్చున్నవాళ్లంతా ఆమె వైపు చూశారు. బస్సులో ఇంటికి వస్తూ, ఒక్కసారైనా నేల మీద చేసినానా అని కూతురు ఫరీన్‌ను రెండుసార్లు అడిగింది.

మరో ఆసుపత్రిలో డాక్టర్ ప్రత్యూష ఆ కీలు తీసి కొత్తది వేసింది.

"పూత పెచ్చులూడిపోయిందమ్మా. అది లోహానికే సరిగా అంటుకోలేదు, ఇక ఎముక దేన్ని పట్టుకుంటుంది? ఇందులో మీరు చేసిందేమీ లేదు."

జైతూన్‌బీ పాత కీలును అడిగి తీసుకుంది. కర్ర ఊతంతో నడవగలిగాక హరినాథ్ దగ్గరికి వెళ్లి, దాన్ని ఆయన బల్ల మీద పెట్టింది.

"పూత ఊడింది, చూడండి సార్."

"అది కంపెనీ లోపం. నేనేం చేస్తాను?"

"పూత ఊడింది కంపెనీ వల్లే. దాన్ని నా నమాజు మీదికి తోసింది ఎవురు?"

"ఇప్పుడేం కావాలి నీకు?"

"తప్పు నాది కాదని చెప్పండి."

"సరే, నీది కాదు," గొంతు తగ్గించి అన్నాడు.

"నన్ను అన్నప్పుడు తలుపు తీసే ఉన్నింది. ఇప్పుడు గూడా తీసి చెప్పండి."

ఆయన కదల్లేదు. ఆమే తలుపు తోసుకుని బయటికొచ్చి, బెంచీల మీదున్నవాళ్లకు కీలు ఎత్తి చూపింది.

"నాకు వేసింది ఇదే. నొప్పంటే మీరే ఏదో చేసినారంటారు. నమ్మబాకండి."

అక్కడే తుంటికీలు వేయించుకున్న కొడవలూరు రైతు చెంచురామయ్య మెల్లగా లేచాడు. "బరువు మోసినావని నన్నూ తిట్టినారక్కా. నేను చేలోకే పోలా."

ఇద్దరూ కలిసి పై అధికారులకు ఫిర్యాదు చేశారు. హరినాథ్ పనిచేసే ఆసుపత్రి ఆ రకం కీళ్లు వాడటం మానేసి, పాత రోగులను పరీక్షలకు పిలిచింది. ఎందుకు పిలుస్తున్నదో మాత్రం ఎవరికీ చెప్పలేదు.

ఆ సంగతి తెలిసి జైతూన్‌బీ కత్తెర పక్కన పడేసింది.

"ఫరీన్, ఆటో పిలువు. మళ్లీ ఆ బెంచీల కాడికి పోవాల."