వీరమ్మ అల్లిన టేబుల్‌క్లాత్

ఆగస్టు నెలాఖరులో షార్జా పాత బజారుకు వచ్చే మనిషి ఉండడు. టూరిస్టులు రారు. సెలవులకు సొంత దేశాలు వెళ్ళిన కుటుంబాలు తిరిగొచ్చినా, పిల్లల స్కూలు యూనిఫాంల కోసం తిరుగుతాయే గాని చేతిపనుల కొట్లవైపు చూడవు. అటువంటి రోజుల్లో, ఎప్పుడో వచ్చి స్థిరపడిన తెలుగువాడు సనావుల్లా కొట్లో, అద్దాల కిటికీ పక్కన స్టూలు వేసుకుని వీరమ్మ లేసు అల్లుతూ ఉండేది. ఒంటె బొమ్మలు, శాలువాలు, ఇత్తడి కూజాలు అమ్మడం ఆమె ఉద్యోగం. లేసు మాత్రం ఆమె సొంత ఆశ.

ఆమెది నరసాపురం దగ్గర ఒక పల్లె. భర్త ఏసుబాబు రొయ్యల చెరువుల మీద కాపలా ఉంటాడు. వీరమ్మ అజ్మాన్‌లో ఒకరింట్లో ఆరేళ్ళు పనిచేసింది. వాళ్ళ పిల్లల ముక్కులు తుడిచింది, బాత్‌రూములు కడిగింది, అర్ధాకలితో అందరికీ వండిపెట్టింది. పిల్లలు పెద్దవాళ్ళవగానే ఆ ఇంటివాళ్ళు ఒక్క మాటలో ఖలాస్, ఇక పని లేదు అనేశారు. ఇంకో ఇంట్లో మళ్ళీ బ్రష్షు పట్టుకోవడం ఆమెకు ఇష్టంలేదు. ఎవరో చెబితే సనావుల్లా కొట్టుకు వెళ్ళి, లేసు పని వచ్చని చెప్పి, సంచిలోంచి ఒక పువ్వు తీసి చూపించింది. అరచేతిలో పట్టే పువ్వు, పన్నెండు రేకులు, ఒక్క కుట్టు తేడా లేదు. సనావుల్లా దాన్ని వెలుతురుకు పట్టి చూసి వెంటనే వీసా మాట ఎత్తాడు.

మరుసటి ఏడాది, అంటే 2024 మే నెలలో, అతనే ఒక మాటన్నాడు. "అక్టోబరులో సీజన్ మొదలవుద్ది. అప్పటికి ఒక పెద్ద టేబుల్‌క్లాత్ కావాలి. కిటికీలో పరుస్తా. నీ పేరు కార్డు మీద రాసి పక్కన పెడతా. జనం చూడాలి, ఎవరి చెయ్యో."

వీరమ్మకు ఆ పూట అన్నం సయించలేదు, సంతోషంతో. ఎనిమిదేళ్ళ వయసు నుంచి అల్లుతోంది. ఆ పువ్వులు ఏ దేశంలో ఏ బల్ల మీదకు వెళ్ళాయో ఆమెకు తెలియదు, ఆ బల్లవాళ్ళకు ఆమె తెలియదు. ఇన్నాళ్ళకు ఒక గుడ్డ పక్కన వీరమ్మ అని ఉండబోతోంది. సరేనంది. అక్కడే పొరపాటు జరిగింది.

ఆమె అబద్ధమేమీ ఆడలేదు. వాళ్ళ ఊళ్ళో పువ్వు అల్లే మనిషీ లేసు పని వచ్చనే అంటుంది, పువ్వుల్ని కలిపి గుడ్డ చేసే అతుకుపని మనిషీ అదే అంటుంది. దారం పంచే ఆసామి ఒక వీధికి పువ్వులిస్తాడు, ఇంకో వీధికి అతుకులిస్తాడు. గుడ్డంతా ఒక్కతే చేయగలిగితే ఆమె నేరుగా అమ్ముకుంటుంది కదా. ఆ పెద్దమనుషులు తాతల నాటి నుంచి అంత తెలివిగా నడుపుకొస్తున్నారు. ముప్ఫై అయిదేళ్ళు అల్లిన వీరమ్మకు అతుకు రాదు. రాదన్న సంగతి కూడా ఆమె ఎప్పుడూ ఆలోచించలేదు. పువ్వులైతే మిగతాది ఎలాగో అయిపోతుందనుకుంది.

వేసవంతా అల్లింది. ఆగస్టు ఆఖరుకు నూట నలభై పువ్వులు పూర్తయ్యాయి. అప్పుడు కూర్చుని కలపడం మొదలుపెట్టింది. మూడు వరసలు కలిపేసరికి గుడ్డ నడిమధ్య బోర్లించిన గిన్నెలా లేచింది. విప్పి మళ్ళీ కలిపితే అంచులు ముడతలు పడ్డాయి. అల్ నహ్దాలో ఆరుగురు ఆడవాళ్ళుండే గదిలో, తన మంచం మీద ఆ గుడ్డ పరుచుకుని, ఊళ్ళో అతుకుపని చేసే విజయదుర్గకు వీడియో కాల్ చేసింది. విజయదుర్గ వరసకు చెల్లెలవుతుంది.

"దారం బిగించేత్తన్నావక్కా. వదులొదులుగా లాగాలి," అంది విజయదుర్గ.

"ఎంత వదులే? అదే కదా తెల్టం లేదు."

"అది చెబితే వచ్చేది కాదు. మా అమ్మ పక్కన కూకుని నేర్చుకున్నాను నాలుగేళ్ళు. పోనీ పువ్వులు నాకు పంపించెయ్యి, కలిపి పంపుతాను."

వీరమ్మ ఒక్క క్షణం ఒప్పుకోబోయింది. కానీ అప్పుడది ఇద్దరి గుడ్డ అవుతుంది. కార్డు మీద రెండు పేర్లు రాయమని సనావుల్లాను ఏ మొహంతో అడుగుతుంది? వద్దులే, నేనే చూసుకుంటానంది. అది ఆమె అహంకారమే. ఇంకొకరెవరైనా అలా అంటే తనే తప్పుపట్టేది.

సెప్టెంబరు మధ్యలో గూనిగా ఉన్న ఆ గుడ్డను తెచ్చి సనావుల్లా ముందు పరిచింది. తిడతాడనుకుంది. అతను తిట్టలేదు, కాసేపు చూసి మడత పెట్టి బల్ల కింద పడేశాడు. నాలుగు రోజులకు అట్టపెట్టెలు దిగాయి. నిండా మిషను మీద నేసిన లేసు టేబుల్‌క్లాత్‌లు, అన్నీ ఒకే పువ్వు, గీత గీసినంత చదును.

"నువ్వు కిటికీ దగ్గర కూర్చుని ఊరికే అల్లుతా ఉండు," అన్నాడు. "ఎవరన్నా అడిగితే నీ చేత్తో చేసిందే అను. అంతే. వీసా రెన్యువల్ చేయిస్తా."

నెలాఖరున ఒక తెలుగావిడ వచ్చింది. పద్మజ అట, పాలకొల్లట, భర్తకు జెబెల్ అలీలో ఉద్యోగమట. వీరమ్మ చేతిలో సూది చూసి నిలబడిపోయి, ఊరేదని అడిగి తెలుసుకుంది.

"మాది మీ పక్కేనండి. ఇవన్నీ మీరల్లినవేనా?"

సనావుల్లా బల్ల వెనక నుంచి చూస్తున్నాడు. "నేనల్లినవేనండి," అంది వీరమ్మ.

పద్మజ ఒక గుడ్డ తీసి తిరగేసి, వేళ్ళతో తడిమి చూసింది. "అతుకు ఎంత బాగా వేశారండి. ఎక్కడ కలిపారో కూడా తెలీట్లేదు. మా అమ్మ బతుకంతా అతుకుపనే చేసింది, ఇంత చదునుగా ఎప్పుడూ రాలేదు. ఎవరు నేర్పారు మీకు?"

వీరమ్మకు సిగ్గు వేసింది, కోపం వచ్చింది, ఎవరి మీదో తెలియలేదు. "మా చెల్లి," అంది.

పద్మజ ఆ గుడ్డ కొనుక్కుంది. వెళ్ళబోతూ ఆగి, "మీ పేరు ఒక కాగితం మీద రాసివ్వండి. అమ్మకు ఫొటో తీసి పంపుతాను. మన పక్క మనిషి మొత్తం గుడ్డ ఒక్కతే చేసిందంటే నమ్మదు," అంది.

వీరమ్మ బల్ల మీది కార్డు ముక్క తీసుకుని, తెలుగులో పేరు రాసింది. పద్మజ దాన్ని గుడ్డ మీద పెట్టి ఫొటో తీసుకుని, నమస్కారం పెట్టి మరీ వెళ్ళింది.

తలుపు మూసుకోగానే సనావుల్లా లేచి వచ్చాడు. అతని మొహం వెలిగిపోతోంది. సొరుగులోంచి వంద తెల్ల కార్డుల కట్ట తీసి ఆమె ఒళ్ళో పెట్టాడు.

"బాగుంది ఇది. ఒక్కో పీసుకి ఒక్కో కార్డు, నీ పేరుతో. కూర్చుని వందా రాసెయ్, యల్లా, తొందరగా."

వీరమ్మ సూది పక్కన పెట్టి పెన్ను తీసుకుంది. సాయంత్రానికి వందా రాసింది.