చిన్నమ్మ వేసిన తలుపు

మొన్న హైదరాబాదులో ఒక విదేశీ నాటకం తెలుగులో ఆడుతుంటే చూశాను. మొదలుపెట్టే ముందు ఒకమ్మాయి మైకు దగ్గరికి వచ్చి, ఫోన్లు ఆపేయమనీ మధ్యలో మాట్లాడొద్దనీ చెప్పింది. జనం నిజంగానే మాట్లాడలేదు. వేదిక మీద ఒక మనిషి అందరి కళ్ళెదుటా విషం తాగుతుంటే ముందు వరసవాళ్ళు కాలు మీద కాలేసుకుని చూస్తూ ఊరుకున్నారు. నాకు అంత నాగరికత అలవాటు లేదు. నేను నాటకాలు చూడటం నేర్చుకున్నది మా చిన్నబాపు దగ్గర, అంటే మా నాన్న తమ్ముడి దగ్గర.

చిన్నబాపు సర్కారు బడిలో సాంఘిక శాస్త్రం చెప్పేవాడు. హనుమకొండలో పాత పుస్తకాలవాడి దగ్గర దొరికిన, అట్ట ఊడిపోయిన ఇటుకంత పుస్తకం ఆయన జీవితాన్ని పాడుచేసింది. అందులో గ్రీకుల కాలం నుంచి మొన్నమొన్నటి దాకా ఐరోపా నాటకాలన్నీ ఉన్నాయి. వాటిని పొడుగు నోటుబుక్కుల్లో తెలుగు చేసి, ఎక్కడికి బదిలీ అయితే అక్కడ ఆడించేవాడు. ఆ విధంగా ఆయన బదిలీలూ ఐరోపా నాటక చరిత్రా కలిసి ముందుకు సాగాయి. మహదేవపూర్‌లో ప్రాచీన యుగం, మరిపెడలో మధ్య కాలం, చివరికి మా కొడకండ్లకు వచ్చేసరికి ఆధునిక యుగం. ఒక్కటే లోపం. ఏదీ చివరిదాకా సాగలేదు.

మహదేవపూర్‌లో గ్రీకు నాటకం. మా వైపు భాగోతమైనా సరే కథ ముందు చెప్పాల్సిందే, లేకపోతే జనం కూర్చోరు. చిన్నబాపు ఆ మర్యాద పాటించి, తండ్రిని తెలియక చంపిన రాజు కథంతా మైకులో విడమర్చి చెప్పాడు. తెర లేచింది. రాజు కత్తి దూసి, ఆ హంతకుడెవడో వెతికి పట్టుకునేదాకా నిద్రపోనని ప్రతిజ్ఞ చేశాడు. ముందు కూర్చున్న ఒక ముసలాయన లేచి, "ఎతుకుడెందుకు దొరా, నువ్వే గద!" అన్నాడు. మిగతావాళ్ళు కూడా అవునవునన్నారు. ఆ తర్వాత రాజుకు వెతకడానికి ఏమీ మిగల్లేదు. మరిపెడలో ఇంగ్లండు నాటకం. పెళ్ళాం మీద అనుమానంతో ఆమె గొంతు పిసికే సేనాపతి కథ. సేనాపతి మంచం దగ్గరికి చేరేలోపే నలుగురు ఆడవాళ్ళు వేదిక ఎక్కి, మంచంతో సహా ఆ ఇల్లాలిని మోసుకుపోయారు. ఆ ఇల్లాలి వేషంలో ఉన్నది అక్కడి బడి డ్రాయింగు సారు. ఆయన ఆ రోజు నుంచి ఆడవేషం మానేశాడు.

కొడకండ్లకు వచ్చేటప్పటికి చిన్నబాపుకు రిటైరుమెంటు రెండు నెలలుంది. బడి పోతే బడి మైదానమూ పోతుంది, వేషాలు కట్టే సార్లూ పోతారు. "ఒక్కటన్న ఆఖరిదాక ఆడాలె బిడ్డా," అన్నాడు నాతో. నేనప్పుడు జనగామలో డిగ్రీ చదువుతున్నాను. "సగం నాటకాలాయనని పేరొచ్చింది నాకు." ఈసారి ఎంచుకున్నది నార్వే నాటకం. అందులో చంపుకోవడాలు లేవు. చివర్లో ఇల్లాలు భర్తను వదిలి, తలుపు ధడాలున వేసి వెళ్ళిపోతుంది. ఆ చప్పుడుతో నాటకం అయిపోతుంది. చిన్నబాపుకు ఆ చప్పుడు కావాలి. మా ఊరి వడ్లాయనను, అంటే వడ్రంగిని, పట్టుకుని టేకు తలుపు చేయించాడు. ఆయన పసుపు కుంకుమ పెట్టి, మామిడాకులు కట్టి, వేదిక మీద నిజం దర్వాజే ఎత్తాడు. ఇక ఇల్లాలి వేషానికి ఎవరూ దొరక్కపోతే ఆయన భార్య, మా చిన్నమ్మ, "నేనేస్త తియ్యి. ఇల్లిడిసి పోవుడు మొగోళ్ళకేం తెలుస్తది?" అంది. భర్త వేషం చిన్నబాపుదే. నార్వే ఇల్లాలికి యాభై దాటాయని ఎవరూ ఆక్షేపించలేదు. మహదేవపూర్ గుణపాఠంతో చిన్నబాపు ఈసారి కథ ముందు చెప్పలేదు. తప్పంతా అక్కడే జరిగింది.

రాత్రి కరెంటు మీద నమ్మకం లేక పగలే ఆడారు. నాది డాక్టరు వేషం. మూడో అంకం మధ్యలోనే నా పని అయిపోయింది కాబట్టి మిగతాది ముందు వరసలో, మా అవ్వ పక్కన కూర్చుని చూశాను. అవ్వంటే చిన్నబాపు కన్నతల్లి. చిన్నమ్మ చేతిసంచీ పట్టుకుని వచ్చింది. "మన బంధము నేటితో ముగిసినది" అనాలి. ఆ గ్రాంథికం నోటికి రాలేదు. సంచీ కిందపెట్టి, "ముప్పయేండ్ల సంది నీ ఇంట్ల ఉన్న. ఒక్కనాడన్న ముంగట కూసోవెట్టుకోని నాతోని మాట్లాడినవా?" అంది.

ఇది నార్వే సంగతి కాదని మైదానంలో అందరికీ అర్థమైంది. అవ్వ లేచి, "ఆగు బిడ్డా! నేను బతికుండంగ నువ్వు గడప దాటుతవా?" అంటూ కర్ర ఊపింది. సర్పంచి ఇద్దరు పెద్దమనుషులతో వేదిక ఎక్కి, నార్వే కుర్చీల్లో కూర్చున్నాడు.

"సర్పంచ్ సాబ్, గిది నాటకం!" అన్నాడు చిన్నబాపు.

"పంచాయితిల అందరు గట్లనే అంటరు సార్. జర ఊకోండ్రి. అక్కా, నీ బాధేందో నువ్వు చెప్పు."

చిన్నమ్మ చిన్నబాపు వైపు చూసింది. తర్వాత జనం వైపు. అంతమంది తన మాట కోసం ఎదురుచూడటం ఆమెకు కొత్త. "వానకాలమొస్తె వంటింట్ల కురుస్తది," అంది. "గిన్నె పెడుత. గా గిన్నె గుడ రాజుకు కిరీటమని మహదేవపూర్‌కు కొంటవొయిండు."

ఆడవాళ్ళ వైపు నుంచి వచ్చిన స్పందన చిన్నబాపుకు అనుకూలంగా లేదని మాత్రం చెప్పగలను. పంచాయితీ పావుగంటలో తేలింది. మృగశిర లోపల కప్పు నేయించాలి. రోజూ మాపటి బువ్వ దగ్గర పెళ్ళాంతో మాట్లాడాలి, నాటకాల గురించి కాకుండా. చిన్నబాపు అన్నిటికీ తలూపాడు. "ఇగ మంచిగుండుండ్రి. మంగళహారతి పాడుండ్రమ్మా," అన్నాడు సర్పంచి. అవ్వ గొంతు సవరించుకుంది.

చిన్నబాపు తెరిచి ఉన్న ఆ టేకు తలుపు వైపు ఒకసారి చూసి, తలదించుకున్నాడు. నలుగురూ కలిపిన కాపురాన్ని కాదనే ధైర్యం ఆయనకు లేదు. అది చిన్నమ్మ చూసింది. కిందపెట్టిన సంచీ మళ్ళీ తీసుకుంది.

"మీ మాట నెత్తిమీద పెట్టుకుంట అన్నా," అంది సర్పంచితో. "గని ఇప్పుడైతె నేను పోవాలె. నేను పోకుంటె ఈ మనిషి బతకడు."

గడప దాటి, రెండు చేతులా తలుపు పట్టుకుని వేసింది. బడి కప్పు మీది పావురాలన్నీ లేచిపోయాయి. మామిడాకులు రాలి సర్పంచి తలపాగ మీద పడ్డాయి. నాటకం ప్రకారం భర్త అప్పుడు ముఖం చేతుల్లో దాచుకుని కుప్పకూలాలి. చిన్నబాపు నిలబడి, ముఖమంతా నవ్వుతో చప్పట్లు కొట్టాడు.

"పెండ్లాం పోతె సప్పట్లు కొడుతుండేంది, వీని పాడుగాను!" అంది అవ్వ.

ఇప్పుడు చిన్నబాపు లేడు. ఆ ఏడు మృగశిర లోపల కప్పు మాత్రం నేయించాడు. పని జరుగుతున్నంతసేపూ చిన్నమ్మ కింద కుర్చీ వేసుకుని కూర్చుని పర్యవేక్షించింది. ఆ ఇటుకంత పుస్తకంలో ఇంకా చాలా నాటకాలు మిగిలిపోయాయని ఆయన అప్పుడప్పుడూ అనేవాడు. కానీ ఆ మాటలో బాధ ఉండేది కాదు. కాలం ఎవరి నాటకాన్నీ ఆఖరిదాకా కూర్చుని చూడదు. ఆ ఓపిక ఉంటే గింటే మన ఇంటివాళ్ళకే ఉండాలి.