సెల్వి అక్క నిమ్మకాయ టీ

ఇవాళ చల్లారిన టీ డికాక్షన్‌లో నిమ్మకాయ పిండి, పుదీనా నలిపి, ఐసు ముక్కలు వేస్తుంటే చంద్రగిరిలో మా పక్కింటి సెల్వి అక్క గుర్తొచ్చింది. ఫ్రిజ్‌లు లేని ఆ రోజుల్లో చెంబుకు తడిగుడ్డ చుట్టి గాలికి పెట్టేవాళ్లం, మీకూ గుర్తుండే ఉంటుంది. అక్క టీని అలాగే చల్లబరిచేది.

నగరి నుంచి కోడలిగా వచ్చిన అక్కకు పిల్లలు లేరని ఆ ఇంట్లో ఎవరూ ఆమెతో సరిగా మాట్లాడేవాళ్లు కాదు. నేను బడి నుంచి రాగానే పిలిచేది.

"నువ్వొకదానివే నా కాడ కూసుంటావు పాపా. తాగు," అనేది.

ఒకరోజు వెళ్తే అక్క లేదు.

"పుట్టింటికి పంపించేసినాము. ఇంక రాదులే," అంది వాళ్ల అత్త.

ఇంటికొచ్చి నేనే టీ కలుపుకున్నాను. అప్పుడు నాకు తొమ్మిదేళ్లు. చక్కెర వేయడం మరిచిపోయాను.

"ఎందుకు ఏడస్తా ఉండావు?" అని అమ్మ అడిగింది.

టీ చేదుగా ఉందన్నాను.