వాసన పోతుంది, పిల్లి పోదు

"మేడమ్, వాసన భరించలేకపోతున్నామండీ. ఆ పిల్లిని ఎక్కడైనా వదిలేయండి," అన్నారు మా గుణదల అపార్ట్‌మెంట్ ప్రెసిడెంటు గారు.

"వాసనని వదిలిస్తాను, పిల్లిని కాదు," అన్నాను.

నిజానికి తప్పు నాదే. ముద్దుకొద్దీ పాలన్నం, ఎండుచేపలు పెట్టి, అది దొడ్డికెళ్లే ట్రేలో పోసిన ఇసుకని వారానికోసారి మార్చేదాన్ని. అవి మానేసి, ఉప్పూకారం లేకుండా ఉడికించిన చికెన్, గిన్నెనిండా నీళ్లు పెట్టాను. ఇసుక బదులు కొండపల్లి బొమ్మలవాళ్ల దగ్గర చెక్క పొట్టు తెచ్చి పోసి, రెండుపూటలా శుభ్రం చేశాను.

నెల తిరక్కుండానే ఆయన్ని కాఫీకి పిలిచాను.

"పిల్లిని పంపించేసి మంచిపని చేశారండీ," అన్నారు, కప్పు కిందపెడుతూ.

"మీ కుర్చీ వెనకున్నది దాని ట్రేనేనండీ."

ఆయన గభాలున లేచి, రెండుసార్లు గట్టిగా గాలి పీల్చి, మళ్లీ కూర్చుని కప్పు అందుకున్నారు.