మూత పెట్టిన నూడుల్స్

హైదరాబాద్‌లో దస్రు పేరుమోసిన నూడుల్స్ మాస్టర్. అతను పెద్దమంట మీద కడాయి ఎగరేస్తుంటే జనం తినడం మాని చూసేవారు. సొంత తండాకు దగ్గరగా, గూడూరు వారపు అంగడిలో బండి పెట్టుకుని, నానమ్మ దగ్గర పెరుగుతున్న బిడ్డ సుమనను కళ్లముందు చదివించుకుందామని వచ్చేశాడు. వచ్చిన కొద్దిరోజులకే బైకు మీంచి పడి కుడిచేయి విరగ్గొట్టుకున్నాడు. ఇక బండి నడవకపోతే మళ్లీ హైదరాబాదే దిక్కు. సుమన మళ్లీ నానమ్మ దగ్గరే.

"నేను చేస్త" అంది అతని భార్య తుల్సీబాయి. మిరపతోట కూలీలందరికీ వండిపెట్టిన చేయి ఆమెది. ఈ సన్న దారాలు ఒక లెక్కా అనుకుంది.

అంగడినాడు పొద్దున్నే క్యాబేజీ, క్యారెట్, క్యాప్సికం సన్నగా తరిగింది. తెచ్చిన నూడుల్సన్నీ ఉడికించి, గంజి వార్చినట్టు నీళ్లు వార్చి, గిన్నె మీద మూత పెట్టింది. అన్నమైతే అట్లాగే కదా ఉమ్మగిల్లేది. దస్రు స్టూలు మీద కూర్చుని ఎడమచేత్తో సాస్ సీసాలు తుడుచుకుంటూ ఇటు చూడనే లేదు. జనం వచ్చాక మూత తీస్తే ఏముంది, గిన్నె నిండా ఒకటే ముద్ద!

"అన్నం లెక్క ఉమ్మగిలవెట్టినవా? వార్చంగనే సల్లనీళ్లు వోసి, నూనె రాసి, ఆరవొయ్యాలె గదనే!"

"నువ్వు జెప్పినవా?"

"గది గుడ జెప్పాల్నా?"

చెప్పాలి మరి. తమకు తెలిసింది లోకమంతటికీ తెలుసనుకోవడం మాస్టర్లకున్న జబ్బు.

ఎవరో కిసుక్కున నవ్వారు. తుల్సీబాయికి ఏడుపు తన్నుకొచ్చింది. పొద్దున బడికి పోతూ "మనం ఈడనే ఉంటం గదా అమ్మా" అని సుమన అడిగిన మాట గుర్తొచ్చింది. కళ్లు తుడుచుకుని, మధ్యాహ్నం తమ జొన్నరొట్టెల కోసం తెచ్చుకున్న పెనం పొయ్యి మీద పెట్టింది. ముద్దలోంచి ఇంత తీసి, రొట్టె తట్టినట్టే తట్టి, నూనెలో రెండువైపులా ఎర్రగా కాల్చింది. కూరగాయలు వేయించి, సోయా సాసు, కారం సాసు, కాస్త వెనిగర్ కలిపి దానిమీద కుమ్మరించింది.

ఆ వాసనకు ఎదురుగా ఉన్న కిరాణం సోమేశ్వర్ సేటు లేచొచ్చాడు. శాకాహారి. ఆ కడాయికి గుడ్డు తగులుతుందని ఎన్నడూ బండి వైపు చూసిన మనిషి కాదు.

"గీ పెంక మీద గుడ్డు ఏసినవా?" అన్నాడు పెనం వైపు చూస్తూ.

"లేదు సేటూ. రొట్టెలే."

సేటు కరకరలాడించుకుంటూ తిన్నాడు. "జర ఇంకోటి ఎయ్యవ్వా" అన్నాడు. నవ్వినవాళ్లు కూడా చేయి చాపారు. దస్రు ఒక్క ముక్క తుంచి నోట్లో వేసుకుని, ఎడమచేత్తో ప్లేట్లు అందించడం మొదలుపెట్టాడు.

చేతికట్టు విప్పిననాడు నూడుల్స్ రొట్టెల గిరాకీతో అంగడి మాంచి జోరు మీదుండగా హైదరాబాద్ నుంచి పాత ఓనరు ఫోన్ చేశాడు. చేయి బాగైందిగా, వచ్చేయమన్నాడు.

"రాను సార్. గీడ మాస్టర్ ఉన్నది, నేను హెల్పర్‌ను" అన్నాడు దస్రు. ఫోన్ జేబులో వేసుకుని, వార్చిన నూడుల్స్ వైపు చూసి కంగారుపడ్డాడు.

"తుల్సీ, మూత వెట్టలేదేందే!"