మామిడి చెక్క బాస్

ఇంకో బాస్ గిటారు కొనాలా వద్దా అని నెల రోజులు తన్నుకులాడాను. యాభై ఎనిమిదేళ్ల మనిషి, మోటారు స్పేర్ పార్టుల షాపు నడుపుకునేవాడు, ఇంతగా ఆలోచించాల్సిన సంగతా ఇది అని మా ఆవిడ ఆటపట్టించింది. ఆమెకేం, ఎన్నైనా అంటుంది. ఇంట్లో ఉన్న బాస్ మా నైనా తన చేతులతో చేసింది. దాన్ని పక్కన పెట్టి కొత్తది తెస్తే, ఆయన చేసింది పనికిరాదని నా నోటితో నేనే ఒప్పుకున్నట్టు. ఆయన పోయి పదకొండేళ్లయినా నాకది మింగుడు పడలేదు.

ఈ గొడవంతా ఒక ఫోనుతో మొదలైంది. నా కాలేజీ రోజుల్లో కోయంబత్తూరులో మాకొక ఆర్కెస్ట్రా ఉండేది. పెళ్లిళ్లకు, గుడి తిరునాళ్లకు వాయించేవాళ్లం. అందులో కీబోర్డు వాయించే అన్నే మాకు పెద్ద. ఆయన కూతురి రిసెప్షన్ తిరుప్పూరులో పెట్టుకున్నారట. పాతవాళ్లమంతా కలిసి ఒక గంట వాయించాలని ఆయన కోరిక.

"ఏంపా, బాస్ నువ్వే వాయించాల. ఆనా మీ నైనా సేసిన రోకలి మాత్రం వేండా, తేవద్దు," అన్నాడు. "ఇప్పుడంతా ట్రాక్ పెట్టుకోని వాయించేది. శ్రుతి రవంత తప్పినా అందరికీ తెలిసిపోతాది. మంచిది ఒకటి తీసుకో."

నేను నవ్వాను. ముప్పై ఏడేళ్లుగా ఆ మాటకు నవ్వుతూనే ఉన్నాను. ఆ రోకలి కథను ఊరంతా చెప్పి నవ్వించినవాణ్ని నేనే.

నైనా ప్యాటర్న్ మేకర్. పంపులు పోసే ఫౌండ్రీలు మా వైపు వీధికొకటి ఉన్న కాలమది. కరిగిన ఇనుము పోయడానికి ఇసుకలో అచ్చు కావాలి. ఆ అచ్చు తీయడానికి ముందు చెక్కతో నమూనా చేయాలి. అదే ఆయన పని. ఇనుము చల్లారితే కాస్త కుంచించుకుపోతుంది కాబట్టి నమూనాను ఆ మేరకు పెద్దగా చేస్తారు. ప్రతిసారీ లెక్కలు వేసుకుంటూ కూర్చోకుండా వాళ్లకొక ప్రత్యేకమైన ఉక్కు స్కేలు ఉంటుంది. దాని మీద అంగుళమే మామూలు అంగుళం కంటే ఒక పిసరు ఎక్కువ. కాంట్రాక్షన్ స్కేలు అంటారు. నైనా దాన్ని పాత పంచె గుడ్డలో చుట్టి పెట్టుకునేవాడు. మమ్మల్ని ముట్టుకోనిచ్చేవాడు కాదు.

ఆర్కెస్ట్రాలో నాకు బాస్ ఇచ్చారు గానీ, సొంతది కొనే యోగం మా ఇంట్లో లేదు. ఇంకొకరి దగ్గర బదులు తెచ్చిన బాస్‌ను నైనా ఒక ఆదివారం తిప్పి తిప్పి చూశాడు. సిమెంటు సంచి కాగితం మీద కొలతలన్నీ రాసుకున్నాడు. "ఇంతేనా? దీనికి పోయి ఎందుకు అంత దిగులు పడతా ఉండావు?" అన్నాడు. పెరియకుళంలో అమ్మ పుట్టింటివాళ్లు తోటలో పడిపోయిన మామిడి చెట్టును కోయించి పెట్టుకున్నారు. అందులో ఒక పలక లారీలో వచ్చింది. మెడకు ప్యాటర్న్ షాపులో మిగిలిన టేకు ముక్క దొరికింది. మా వీధి చివర మోటార్లు రీవైండింగ్ చేసే ఆయన వెంట్రుకంత సన్నటి రాగి తీగ చుట్టి, తీగల నాదాన్ని పట్టి స్పీకరుకు పంపే పికప్ చేసిచ్చాడు. ఇది నీళ్లు తోడదు కదా అని ఆయన పదిసార్లు అడిగాడు. మూడు నెలల ఆదివారాలు మా వరండా నిండా మామిడి చెక్క పొట్టు. ఆ వాసన నాకిప్పటికీ వస్తూ ఉంటుంది. అంత సంతోషంగా ఉన్న ఇల్లు నేను మళ్లీ చూడలేదు.

చివరికి ఒక్క బ్రిడ్జి మిగిలింది. తీగలు ఒక కొసన ఆనుకునే ఇత్తడి రేకు అది. లేత్ షాపులో చేయించి తెచ్చాను. ఆ సాయంత్రమే కారమడై రంగనాథర్ గుడి దగ్గర మా ప్రోగ్రాం. నైనా షిఫ్టు నుంచి ఇంకా రాలేదు. నాకు ఆగే ఓపిక లేదు. నేనే స్క్రూలు బిగించి, తీగలు కట్టి, బస్సెక్కేశాను.

కారమడైలో మొదటి రెండు పాటలు హాయిగా నడిచాయి. మామిడి చెక్కకు ఒక గుండ్రటి మెత్తని నాదం ఉంది. మూడో పాటలో మెడ మీద వేళ్లు ఆనించే మెట్లలో పై మెట్ల దగ్గరికి వెళ్లాను. పుల్లటి మజ్జిగ నోట్లో పోసుకున్నట్టయింది. కింది మెట్లు బాగానే పలుకుతున్నాయి. పైకి పోయే కొద్దీ ప్రతి మెట్టూ శ్రుతి పెరిగిపోతోంది. కీబోర్డు అన్న తలతిప్పి చూసిన చూపు నేను మరిచిపోలేదు.

మర్నాడు నైనాకు చెప్పాను.

"నేను గీసిన గీత మీదనే పెట్టినావు కదరా రేకు?" అని అడిగాడు.

"ఆ, పెట్టినా నైనా."

"అట్లయితే నా చేతిలోనే తప్పు ఉండాది. అలవాటున ఆ స్కేలుతోనే కొలిచేసినా. ఇనుమయితే సల్లారి సరిపోతాది. ఇది చెక్క కదా."

మెడ విప్పి ఇంకొకటి చేసిస్తానన్నాడు. టేకు ముక్క కూడా తీసి పెట్టుకున్నాడు. వరసగా ప్రోగ్రాములున్నాయి, ఇప్పుడొద్దు అన్నాను. ఆ ముక్క అటక మీదే ఉండిపోయింది. నేను ఐదో మెట్టు దాటకుండా వాయించడం నేర్చుకున్నాను. పాటల మధ్య జనాన్ని నవ్వించాల్సి వస్తే ఆ కథ నాకు బాగా పనికొచ్చేది. మా నైనా దీన్ని పంపు కేసింగ్ అనుకున్నాడండీ, చల్లారితే సరిపోతుందని ఇంకా ఎదురుచూస్తున్నాం అనేవాణ్ని. జనం పొట్ట పట్టుకుని నవ్వేవాళ్లు. ఆయన కూడా ముందు వరసలో కూర్చుని, తల వంచుకుని నవ్వేవాడు. ఫౌండ్రీ దాకా ఆ కథ పాకింది. ముప్పై ఏళ్లలో ఒక్క నమూనా వెనక్కి రాని మనిషికి మిగిలిన ఒకే ఒక్క తప్పు అది.

చివరికి కొనడానికే సిద్ధపడ్డాను. వాయిద్యాల షాపులో ఒకటి చూసి, శనివారం వచ్చి తీసుకుంటానని చెప్పాను. తేలికగా, తీయగా, ఏ మెట్టు మీదైనా సరైన శ్రుతిలో పలికే బాస్. చేతిలో పెట్టుకుంటే వదలబుద్ధి కాలేదు.

"ఏనుంగ, కొత్తది తెచ్చుకోండి. కాదనను," అంది మా ఆవిడ. "మామ సేసింది మాత్రం అటక మీద పెట్టొద్దండి. హాల్లో గోడకు తగిలిద్దాము. వచ్చినోళ్లు సూస్తారు."

నాకూ అది నచ్చింది. శనివారం పొద్దున షాపుకు పోయే ముందు దాన్ని తుడవడానికి వరండాలో కూర్చున్నాను. ఇత్తడి రేకు చిలుము పట్టి పచ్చగా ఉంది. రుద్ది తోముదామని తీగలు తీసి, స్క్రూలు విప్పాను.

రేకు కింద చెక్క ఇంకా కొత్తగా ఉంది. దాని మీద కత్తి మొనతో గీసిన సన్నటి గీత. నైనా గీత. దాని పక్కన పెన్సిలుతో ఒక మాట రాసి ఉంది. ఇక్కడ. తమిళ అక్షరాల్లో, తెలుగు మాట. ఆయనకు తెలుగు రాయడం రాదు. ఇంట్లో మాకు చీటీ పెట్టాలన్నా అట్లాగే రాసేవాడు. ఆ మాట తమిళులకు అర్థం కాదు, ఆంధ్రలో పుట్టినవాళ్లు చదవలేరు. మా ఇంట్లో పుట్టినవాడికోసమే రాసిన మాట అది.

నేను రేకు బిగించింది ఆ గీత మీద కాదు. అంగుళంలో మూడో వంతు మెడ వైపుకు.

బీరువాలోంచి ఆయన స్కేలు తెచ్చి, గుడ్డ విప్పి కొలిచాను. మెడ పై కొస నుంచి ఆ గీత దాకా, బాస్‌కు ఉండాల్సిన ముప్పై నాలుగు అంగుళాలు. వెంట్రుకంత తేడా లేదు. మెట్లన్నీ ఆ స్కేలుతోనే కొలిచాడు, బ్రిడ్జి చోటునూ ఆ స్కేలుతోనే కొలిచాడు. బాస్ మొత్తం ఒక పిసరు పెద్దది, అంతే. పెద్దదైనా తనకు తాను సరిగ్గా ఉంది. శ్రుతికి కావాల్సింది కూడా అదే. అందులో ఒక్క రేకును మాత్రమే మామూలు టేపుతో కొలిచి పెట్టారు. పెట్టింది నేను.

ఇంకో సంగతి కూడా చెప్పాలి, చెప్పకపోతే ఇదంతా రాసి లాభం లేదు. ఆ గీతను నేను అప్పుడే చూశాను. కారమడై బస్సుకు టైమైపోతూ ఉంటే టేపు పెట్టి కొలిచి, ముసలాయన పొరపాటు పడ్డాడని నవ్వుకుని, నా లెక్క ప్రకారం బిగించాను. మర్నాడు ఆయన అడిగితే పెట్టానన్నాను. అప్పుడది నాకు అబద్ధంలా కూడా తోచలేదు. కొడుకు మాట నమ్మి, మళ్లీ కొలవకుండా, ఆయన నా తప్పును తన నెత్తిన వేసుకున్నాడు. పోయేదాకా అట్లాగే మోశాడు. ఆ వరండాలోనే కూర్చుని ఏడ్చాను. మా ఆవిడ వచ్చి చూసి, స్క్రూలు చెదిరిపోకుండా గిన్నెలో వేసి పెట్టి, పక్కన కూర్చుంది.

రేకును గీత మీదికి జరిపి బిగించాను. ఆ మాట మళ్లీ రేకు కిందికి వెళ్లింది. ఫోన్లో శ్రుతి చూపే ట్యూనర్ పెట్టుకుని ఒక్కో మెట్టూ చూసుకుంటూ పైకి పోయాను. పన్నెండో మెట్టు దగ్గర ముల్లు సరిగ్గా నడిమధ్యన నిలబడింది. షాపుకు ఫోన్ చేసి, నాకు కొత్తది అక్కర్లేదు, ఇంకెవరికైనా ఇచ్చేయండి అన్నాను.

తిరుప్పూరులో మండపం నిండిపోయింది. నా చేతిలో ఉన్నదాన్ని చూసి కీబోర్డు అన్న నుదురు కొట్టుకున్నాడు. మైకు తీసుకుని, "మా తంబి మళ్లీ ఆ రోకలినే తెచ్చినాడు. పంపు కేసింగ్ కత తెలుసు కదా మీకు?" అన్నాడు. ముందు వరసలో పాత ఫౌండ్రీ ముసలివాళ్లు ఇద్దరు ముగ్గురు అప్పుడే నవ్వడం మొదలుపెట్టారు. నేను మైకు ఇప్పించుకున్నాను.

"ఆ కత తప్పు," అన్నాను. "మా నైనా స్కేలు సరే, గీతా సరే. రేకు తప్పుగా పెట్టింది నేను. ఆయన అడిగితే అబద్ధం చెప్పింది కూడా నేనే."

ఇది కొత్త జోకు అనుకుని కొందరు ఇంకా గట్టిగా నవ్వారు. ఫౌండ్రీ ముసలివాళ్లు నవ్వు ఆపేశారు. పాట మొదలైంది. నేను పన్నెండో మెట్టు మీద వేలు పెట్టాను.